కాల్‌బ్యాకా, ఆబ్జెక్టా?

ప్రోగ్రాములో ఒక పనికి ఏం చేయాలో చెప్పడానికి కాల్‌బ్యాకు (అవసరమైనప్పుడు పిలవమని అందించే ఫంక్షన్) ఇవ్వాలా, ఆబ్జెక్టు (డేటానూ దానితో పనిచేసే ఫంక్షన్లనూ కలిపి ఉంచేది) ఇవ్వాలా? జాబితాను ఏ వరుసలో పేర్చాలో చెప్పడానికి ఒక్క ఫంక్షన్ చాలు. దానికోసం క్లాసు (ఆబ్జెక్టుకు నమూనా) రాయడం వృథా శ్రమ. 2014లో వచ్చిన జావా 8 లాంబ్డాలను (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్లను) చేర్చి ఆ అవస్థను చాలావరకు తప్పించింది.

అయితే డౌన్‌లోడ్ వంటి పనికి ప్రారంభం, పురోగతి, వైఫల్యం, ముగింపు అంటూ నాలుగు కాల్‌బ్యాకులను విడివిడిగా పంపితే, అప్పటిదాకా ఎన్ని బైట్లు వచ్చాయన్న లెక్కను అవన్నీ పంచుకోవలసి వస్తుంది గనుక, ఆ లెక్కనూ ఆ నాలుగు ప్రవర్తనలనూ ఒకే ఆబ్జెక్టులో ఉంచడమే సబబని నేను గట్టిగా నమ్ముతాను. జావాస్క్రిప్టులో మరో చిక్కుంది: యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కు (క్లిక్కు వంటిది జరిగినప్పుడు స్పందించే లిజనర్‌ను నమోదు చేసేదానికి) అక్కడికక్కడే రాసి ఇచ్చిన ఫంక్షన్‌ను, దాని రెఫరెన్సు (సరిగ్గా ఆ ఫంక్షన్‌నే చూపే గుర్తు) మన దగ్గర లేకపోతే, రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌తో తొలగించలేము; అక్షరం మారకుండా మళ్ళీ రాసినా అది వేరే ఫంక్షనే. హ్యాండిల్‌ఈవెంట్ అనే మెథడ్ (ఆబ్జెక్టులోని ఫంక్షన్) ఉన్న ఆబ్జెక్టునే లిజనర్‌గా ఇస్తే, తొలగించేటప్పుడు ఆ ఆబ్జెక్టునే చూపిస్తే సరిపోతుంది.