కాటా లేకుండా గ్రాముల కేక్: నా అనుభవం

నేను చేద్దామనుకున్న కోకో కేక్ కొలతలన్నీ గ్రాముల్లో ఉన్నాయి: మైదా 250, పంచదార 180, వెన్న 125, కోకో పొడి 30, బేకింగ్ పౌడర్ 6. పాలు మాత్రం 150 మిల్లీలీటర్లు. నా దగ్గర కాటా లేదు. ఉన్నవల్లా కొలత కప్పులు, చెంచాలు.

ఎన్ని కప్పులో లెక్క వేసే ముందు అసలు నా కప్పు ఎంతదో తేల్చుకోవాలి. అమెరికా కప్పు దాదాపు 237 మి.లీ., మెట్రిక్ కప్పు 250, జపాన్ కప్పు 200. చాలా కప్పుల మీద ఏదీ రాసి ఉండదు. లీటరు సీసా నీళ్లు తెచ్చి నా కప్పుతో కొలిస్తే సరిగ్గా నాలుగు వచ్చాయి. అంటే 250.

అసలు తలనొప్పి మైదాతోనే. కప్పు మైదా 120 గ్రాములని ఒక పట్టిక, 140 అని ఇంకొకటి. రెండూ తప్పు కావు. కప్పును పిండిలో ముంచి తీస్తే అది అణిగి ఎక్కువ పడుతుంది. చెంచాతో వదులుగా వేసి, పైన చాకు వీపుతో సమం చేస్తే తక్కువ పడుతుంది. జల్లించాక కొలిస్తే ఇంకా తక్కువ. అందుకే 'జల్లించిన మైదా ఒక కప్పు' వేరు, 'మైదా ఒక కప్పు, జల్లించి' వేరు.

ఇక పట్టికలు పక్కన పెట్టేశాను. కొత్త మైదా ప్యాకెట్ మీద నికర బరువు 500 గ్రాములని ఉంది కదా, దాన్నే కాటా అనుకున్నాను. మొత్తం చెంచాతో కప్పుల్లోకి వేస్తూ పోతే నాలుగు కప్పులకు కొంచెం తక్కువ వచ్చింది. అంటే నా కప్పుతో, నేను వేసే తీరుతో, కప్పుకు సుమారు 130 గ్రాములు. 250 గ్రాములంటే రెండు కప్పులు నింపి ఒక టేబుల్‌స్పూన్ పైచిలుకు వెనక్కి తీస్తే చాలు. ఏ పట్టికా నేను వేసే తీరు తెలుసుకుని ఇంత దగ్గరగా చెప్పలేదు.

పంచదారకు ఇంత గొడవ లేదు, అది అణగదు. కిలో ప్యాకెట్‌కి నాలుగు ముప్పావు కప్పులు వచ్చాయి, కప్పుకు 210 గ్రాములు. 180కి ముప్పావు కప్పు, ఆపైన రెండు టేబుల్‌స్పూన్లకు కాస్త తక్కువ. బ్రౌన్ షుగర్ అయితే కప్పులో నొక్కి కొలవాలి, లేకపోతే లెక్కకు అర్థం ఉండదు.

వెన్నకు కప్పు వాడనే లేదు. 500 గ్రాముల దిమ్మను నాలుగు సమాన ముక్కలు కోస్తే ఒకటి 125. గట్టి వెన్నను కప్పులో కుక్కితే మధ్యలో గాలి ఖాళీలు మిగులుతాయి, జిడ్డు కడుక్కునే పని అదనం.

కోకో పొడి ఉండలు కడుతుంది కాబట్టి ముందు ఫోర్కుతో చిదిపాను. టేబుల్‌స్పూన్ నిండా సమంగా తీస్తే 5 నుంచి 6 గ్రాముల దాకా ఉంటుంది, ఐదున్నర చెంచాలు వేశాను. దీంట్లో గ్రాము అటూ ఇటూ అయినా కేక్ ఏమీ అనుకోదు.

బేకింగ్ పౌడర్ దగ్గర మాత్రం ఆ ధీమా పనికిరాదు. టీస్పూన్ అంటే 5 మి.లీ., అందులో సుమారు 4 గ్రాములు పడుతుంది. 6 గ్రాములకు ఒకటిన్నర, కచ్చితంగా సమం చేసి. కాఫీ కలుపుకునే చెంచా దీనికి వాడకూడదు, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటుంది. టేబుల్‌స్పూన్‌తోనూ జాగ్రత్త: మామూలుగా 15 మి.లీ., ఆస్ట్రేలియాలో 20.

ఇంత చేసినా మైదా పది గ్రాములు అటూ ఇటూ అయ్యే వీలుంది. అందుకే 150 మి.లీ. పాలల్లో రెండు టేబుల్‌స్పూన్లు పక్కన పెట్టి, మిగతావి కలిపి పిండి జారుడు చూశాను. గరిటె ఎత్తితే ముద్దలుగా పడింది. పక్కన పెట్టిన పాలల్లో సగం పోశాక రిబ్బన్‌లా జారింది, ఇక టిన్నులోకి పోసేశాను.