తప్పు పడితే ఎట్టా దిద్దుతారు?

మా నాన్న దస్తావేజు లేఖరి. గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. 2018లో మా కంపెనీ ఆరుగురిని పక్కకు తీసి, బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఒకదానికొకటి ముడివేసిన రికార్డుల గొలుసు మీద, భూమి రికార్డుల డెమో ఒకటి చెయ్యమంది. అప్పట్లో గాలి అలా ఉంది. అంతకు ముందు ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ కంపెనీ క్రోమావేతో కలిసి భూమి రికార్డుల కోసం ఇలాంటి ప్రయోగమే ప్రకటించింది. అమెరికాలో ఐస్ టీ అమ్ముకునే కంపెనీ ఒకటి లాంగ్ బ్లాక్‌చెయిన్ అని పేరు మార్చుకోగానే దాని షేరు ధర ఒక్క రోజులో రెండింతలు దాటింది. పేరులో ఆ మాట ఉంటే చాలు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకు లాప్‌టాప్‌లో డెమో చూపించా. ప్రతి బ్లాకులో దాని ముందు బ్లాకు హ్యాష్ ఉంటుందని, అది ఆ బ్లాకు వేలిముద్ర లాంటిదని, పాత దాంట్లో ఒక్క అక్షరం మార్చినా ఆ తర్వాతవన్నీ తప్పని తేలిపోతాయని చెప్పా. కళ్లజోడు పైకి జరిపి అంతా విని, "ఇది మా లింకు డాక్యుమెంటేగా" అన్నాడు.

లేచి బీరువాలోంచి మా తాత కొన్న ఎనభై సెంట్ల కాగితాలు తెచ్చాడు. అమ్మినాయనకు ఆ భూమి ఏ దస్తావేజు ద్వారా వచ్చిందో, దాని నంబరు, సంవత్సరంతో సహా లోపల రాసి ఉంది. ప్రతి కాగితం వెనక మొత్తం కాగితాలెన్నో, అందులో ఇది ఎన్నోదో వేసి ఉంది, మధ్యలో ఒకటి లాగి ఇంకోటి పెట్టకుండా. చివర్లో ఫలానా పుస్తకం, ఫలానా వాల్యూం, ఫలానా పేజీలు అని ఎండార్స్‌మెంటు. ఒక ప్రతి మన దగ్గర, ఒక నకలు ఆఫీసులో. గొలుసంటే ఇదీ గొలుసే.

తర్వాత అడిగాడు: "సరే, తప్పు పడితే ఎట్టా దిద్దుతారు?"

ఊరికే అడగలేదు. ఆ ఎనభై సెంట్ల దస్తావేజులో సర్వే నంబరు 214/2 ఉండాల్సింది 241/2 అని పడింది. రాసింది నాన్నే. సొంత తండ్రి కాగితంలోనే అంకెలు తారుమారు చేశాడు. పదకొండేళ్ల తర్వాత లోన్‌కి వెళ్తే బ్యాంకు లాయరు పట్టుకున్నాడు. అప్పటికి అమ్మినాయన లేడు. ఆయన ముగ్గురు పిల్లలూ వచ్చి సవరణ దస్తావేజు మీద సంతకాలు పెట్టాలి. ఒకాయన భిలాయ్‌లో ఉంటాడు. రైలు టికెట్టు, బట్టలు, భోజనాలు, పైన ఆయన కోపం. మా అమ్మ ఇప్పటికీ ఆ లెక్క చెబుతుంది.

నేను రాసిన కోడు ఆ 241/2ను కూడా అంతే భద్రంగా కాపాడేది. లోపలికి వెళ్లింది నిజమా కాదా అన్నది దానికి అక్కర్లేదు. దిద్దుబాటుకు కొత్త బ్లాకు కలపొచ్చనుకోండి, కలిపే అధికారం ఎవరికుంటుంది? అదే ఆఫీసరుకు. ఎలాగూ ఆయన్నే నమ్మాలి అన్నప్పుడు, ఆయన దగ్గర మామూలు డేటాబేసు, రోజూ బ్యాకప్పు, ఎవరేం మార్చారో చూపే లాగ్ ఉంటే చాలదా? పైగా మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే కాగితాన్ని నమోదు చెయ్యడమే. భూమి నీదేనని హామీ ఇవ్వడం కాదు. అమ్మే హక్కు లేనివాడు అమ్మిన దస్తావేజు కూడా రిజిస్టరవుతుంది. కోర్టుల్లో నలిగే తగాదాల్లో చాలావాటిది కాగితం దిద్దిన సమస్య కాదు, మొదట్లోనే ఎవరు రాయించారన్న సమస్య.

ఇంకో సంగతి ఇప్పుడు ఒప్పుకోవచ్చు. మా డెమోలో నాలుగు నోడ్లు, అంటే ఒకే రికార్డు నకలు ఉంచుకునే నాలుగు కంప్యూటర్లు ఉండేవి, "నాలుగు స్వతంత్ర శాఖలు" అని స్లైడ్‌లో రాశాం. నాలుగూ మా ఆఫీసులో ఒకే ర్యాక్‌లో ఉన్నాయి. నలుగురు సాక్షులూ ఒకే ఇంటివాళ్లన్నమాట. చప్పట్లు బాగానే కొట్టారు. ఆ తర్వాత ఆ ప్రాజెక్టు ఊసెత్తినవాళ్లు లేరు.

పెద్దవాళ్ల సంగతీ ఇంతే. ఓడల కంపెనీ మేర్‌స్క్, ఐబీఎం కలిసి సరుకు రవాణా రికార్డుల కోసం ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక కట్టి, 2022 నవంబరులో మూసేస్తున్నామన్నాయి. పరిశ్రమ అంతా కలిసి రాలేదని వాళ్లే చెప్పారు. మేర్‌స్క్ పెట్టిన పుస్తకంలో మేర్‌స్క్ పోటీదారులు ఎందుకు ఉత్సాహంగా రాస్తారు? ఇక చెల్లింపులంటారా, బ్లాక్‌చెయిన్ మీద నడిచే బిట్‌కాయిన్ సెకనుకు ఏడు లావాదేవీల దగ్గర ఆయాసపడుతుంది. నెలంతా ఆగకుండా నడిచినా రెండు కోట్లు దాటదు. మన యూపీఐ 2024 డిసెంబరు ఒక్క నెలలోనే 1,600 కోట్లు దాటింది, ఏ బ్లాక్‌చెయినూ లేకుండా.

అయితే అంతా బూటకమేనా అంటే, మార్టిన్‌తో మాట్లాడాక (అసలు పేరు కాదు) అలా అనలేకపోయా. మా టీమ్‌లోనే, బ్యూనస్ ఎయిర్స్ నుంచి పనిచేస్తాడు. 2023లో అర్జెంటీనాలో ధరలు ఏడాదిలో రెండు వందల శాతానికి పైగా పెరిగాయి. జీతం పడగానే కొంత స్టేబుల్‌కాయిన్లలోకి, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే, డాలరుతో ముడిపడిన డిజిటల్ నాణేల్లోకి మార్చేస్తానన్నాడు. నేను మామూలుగా వేసే ప్రశ్నలన్నీ వేశా. దాన్ని జారీ చేసే కంపెనీ మునిగితే? "మునగొచ్చు. కానీ మా కరెన్సీ పెసో మునగడం నా కళ్లారా చూస్తున్నా" అన్నాడు. 2001లో వాళ్ల ప్రభుత్వం బ్యాంకు ఖాతాల్లో డబ్బు తియ్యకుండా బిగించినప్పుడు వాళ్లమ్మ పొదుపు ఇరుక్కుందట. హైదరాబాద్‌లో టీ కొట్టు దగ్గర స్కాన్ చేసే నాకు అవసరం లేదని, అతనికీ లేదనడానికి నేనెవర్ని? మధ్యలో నిలబడే పెద్దమనిషి మీద నమ్మకం పూర్తిగా పోయిన చోట దీనికి పని ఉంది. మా బావ 2021లో కొన్న, కుక్క బొమ్మ ఉన్న కాయిన్ మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆయన దాని గురించి మాట్లాడడం మానేశాడు కాబట్టి నేనూ మానేస్తున్నా.

హ్యాష్‌లతో ముడివెయ్యడం అనే ఆలోచన మీద నాకిప్పటికీ మోజే. అది బిట్‌కాయిన్ కంటే పాతది. హేబర్, స్టార్నెట్టా అనే ఇద్దరు 1991లోనే పత్రాలకు తేదీ ముద్ర వేసే పద్ధతిగా దీన్ని రాశారు. వాళ్లు పెట్టిన కంపెనీ 1995 నుంచి వారానికోసారి, ఆ వారం పత్రాలన్నిటికీ కలిపిన హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. అచ్చయి ఊరూరా పంచిన పేపర్లను వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరివల్లా కాదు. కంప్యూటర్లతో లెక్కలు చేయించి కాయిన్లు పుట్టించే మైనింగ్ లేదు, కాయిన్ లేదు. నాన్నకు ఇది చెబితే వెంటనే అర్థమైంది. పేపరు ప్రకటనలు రాయించడం ఆయన పనిలో భాగమే మరి.

రీసర్వే మా ఊరికి వచ్చినప్పుడు 214/2 గట్టు మీద నేనూ ఉన్నా. సర్వేయరు ఉపగ్రహాలతో కొలిచే రోవర్ కర్ర నాటి పాయింట్లు తీసుకుంటున్నాడు. హద్దురాయి ఎప్పుడో కాలవలోకి జారింది. పక్క చేను రైతు చేతులు కట్టుకుని చూసి చూసి, "ఆ కర్రతో నాకు పనిలేదు, కొలిచే గొలుసు తెప్పించండి" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "నిన్నే అడుగుతున్నాడు, తెచ్చావా?" అన్నాడు.