గన్నవరం నుంచి బ్యారేజీ దాకా కుదుపుల్లేకుండా

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే కోరిక. గన్నవరం రన్‌వే మీద నుంచి చిన్న సెస్నా విమానంలో లేచి, హైవే వెంబడి ఊరి మీదుగా వచ్చి, ప్రకాశం బ్యారేజీ మీద తక్కువ ఎత్తులో ఒక చుట్టు తిరగాలి. ఆట నడిచేది గానీ, ఊళ్లోకి వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి కదిలేది. స్టిక్ తిప్పిన కాసేపటికి గానీ రెక్క వాలేది కాదు. అలాంటప్పుడు ఎగురుతున్నామన్న అనుభూతే పోతుంది.

నా కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఆరు జీబీ జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్. ఈ ఆటకి ‘రికమెండెడ్’ అని చెప్పిన స్థాయి కంటే కాస్త పైనే. అందుకే కొత్త కార్డు కొనే ఆలోచన పక్కన పెట్టి సెట్టింగుల సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

కానూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు ఒక ఆదివారం ఇంటికి వచ్చి చూశాడు. “మావయ్యా, ముందు దేన్నీ ముట్టుకోకు. ఎక్కడ ఆగుతోందో చూద్దాం” అన్నాడు. తర్వాత చేసిందంతా ఆ మాట పట్టుకునే.

జనరల్ ఆప్షన్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే తెర పైన ఒక మెనూ వస్తుంది. అందులో ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు గీస్తోందో) చూపించే ఆప్షన్ నొక్కితే మూలన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫ్రేముల లెక్కతో పాటు ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అనో, ‘లిమిటెడ్ బై జీపీయూ’ అనో అక్కడ రాసి ఉంటుంది. అంటే ఆట ఆగుతున్నది ప్రాసెసర్ వల్లా, గ్రాఫిక్స్ కార్డు వల్లా అని. ఈ ఒక్క వాక్యం చూడకుండా స్లైడర్లు జరపడం వల్ల ఉపయోగం లేదని నా గట్టి అభిప్రాయం. ప్రాసెసర్‌లో ఆరు కోర్లున్నా ఆట ముఖ్యమైన పని చాలావరకు ఒకే థ్రెడ్ (పనుల వరస) మీద నడుస్తుంది. అది ఆలస్యమైతే గ్రాఫిక్స్ కార్డు ఊరికే ఎదురుచూస్తుంది. అప్పుడు మబ్బులు తగ్గించినా, నీడలు తీసేసినా ఒక్క ఫ్రేము పెరగదు. నాకు గన్నవరంలో నేల మీద ఉన్నంతసేపూ జీపీయూ అని చూపించి, ఊరి మీదికి రాగానే మెయిన్‌థ్రెడ్‌కి మారేది. రోగం రెండు చోట్లా ఒకటి కాదన్నమాట.

పరీక్షకి ఒకే ప్రయాణం పెట్టుకున్నాను. అదే విమానం, అదే మధ్యాహ్నం వేళ, అదే దారి. లైవ్ వెదర్ తీసేసి, మబ్బులున్న ఒక రెడీమేడ్ వాతావరణం ఎంచుకున్నాను. లైవ్‌లో మబ్బులు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి పోలిక కుదరదు. ఒకసారికి ఒక సెట్టింగే మార్చి మళ్లీ ఎగిరి చూడాలి. ఓపిక కావాలి, కానీ దీనికి వేరే దారి లేదు.

అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించింది టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్. మన చుట్టూ ఎంత దూరం వరకు నేలని వివరంగా గీయాలో చెప్పే స్లైడర్ అది. నాది 200లో ఉండేది. 100కి దించగానే ఊరి మీద 24 దగ్గర ఊగుతున్న ఫ్రేములు 33 దాటాయి. దూరాన మంగళగిరి కొండ కొంచెం మొద్దుగా కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే సర్దుకుంటుంది. ఇళ్లు, చెట్ల లాంటివాటికి అలాంటిదే ఆబ్జెక్ట్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, దాన్ని కూడా 100కి తెచ్చాను. ఎయిర్‌పోర్టులో తిరిగే బండ్లు, రోడ్ల మీద కార్లు, ఆట తనే నడిపే కృత్రిమ విమానాలు బాగా తగ్గించాను. ఇవన్నీ మెయిన్‌థ్రెడ్ మీద పడే బరువులే. ఎయిర్‌బస్ లాంటి పెద్ద విమానం నడిపేవాళ్లు గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్‌ని (కాక్‌పిట్ తెరలు ఎంత తరచుగా మారాలో చెప్పేది) మీడియంకి దించితే తేడా తెలుస్తుంది. ఫొటోగ్రామెట్రీ (ఫొటోలని బట్టి కట్టిన అసలు భవనాల రూపాలు) తీసేయమని చాలామంది చెబుతారు. అది న్యూయార్క్, లండన్ లాంటి నగరాల మీద ఎగిరేవాళ్లకి పనికొస్తుంది. బెజవాడలో ఇళ్లు ఉపగ్రహ చిత్రాలని బట్టి ఆట తనే నిలబెట్టేవి, అందుకే ఇక్కడ ఏ మార్పూ కనపడలేదు.

జీపీయూ వైపు వస్తే, మబ్బులు అల్ట్రా నుంచి హైకి దించాను. అంతకన్నా కిందికి దించడానికి నాకు మనసొప్పలేదు. కృష్ణ మీద వానాకాలపు మబ్బుల మధ్య ఎగరడం కోసమే కదా ఇదంతా. నీడలు, ప్రతిబింబాలు మాత్రం మొహమాటం లేకుండా తగ్గించాను. రెండర్ స్కేలింగ్ (బొమ్మని ఎంత స్పష్టతతో గీయాలో చెప్పేది) 80కి తెస్తే ఫ్రేములు పెరిగాయి, కానీ ఎత్తు చూపే అంకెలు చదవలేనంత మసకబారాయి. మళ్లీ 100 చేశాను. తక్కువ స్పష్టతతో గీసిన బొమ్మని మెరుగుపరిచే డీఎల్‌ఎస్‌ఎస్‌కి ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, నా కార్డుకి ఆ అవకాశం లేదు.

ఇంత చేసినా ఎండాకాలం మధ్యాహ్నాల్లో మళ్లీ కుదుపులు. రాత్రి పదకొండుకి అవే సెట్టింగులతో హాయిగా నడిచేది. మా గది పడమటి వైపు ఉంటుంది, మే నెలలో గోడలు కూడా సెగలు కక్కుతాయి. ఉష్ణోగ్రతలు చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ప్రాసెసర్ దాదాపు 95 డిగ్రీలకి చేరుతోంది. ఈ రైజెన్‌కి అదే హద్దు. అక్కడికి వచ్చాక తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, వెంటనే మెయిన్‌థ్రెడ్ వెనకబడుతుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి బ్లోయర్‌తో దుమ్ము కొట్టించి, కూలర్ కింద థర్మల్ పేస్ట్ మార్పించి, ముందు వైపు ఇంకో ఫ్యాన్ బిగించాను. దాంతో మధ్యాహ్నం కూడా 80 దాటడం లేదు. మన ఊరి ఎండకి ఇది స్లైడర్లంత ముఖ్యం. ఇంగ్లీషులో దొరికే సలహాల్లో దీని ప్రస్తావన నాకు పెద్దగా కనపడలేదు.

ఆ పని మీద ఉండగానే మేనల్లుడు టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం చూశాడు. స్టిక్‌ల మీద 3200 అని ఉంటే ఇక్కడ 2400 చూపిస్తోంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం ఆప్షన్ ఆన్ చేయగానే పూర్తి వేగం వచ్చింది, ఊరి మీద ఇంకో రెండు మూడు ఫ్రేములు కలిశాయి. పైసా ఖర్చు లేదు.

చివరికి ఫ్రేముల్ని మానిటర్ లయకి కలిపే వీసింక్ ఆన్ చేసి 30 ఫ్రేములకి కట్టేశాను. 30, 45 మధ్య ఊగుతూ ఉండే కన్నా, ప్రతి ఫ్రేమూ సరిగ్గా 33 మిల్లీసెకన్లకి రావడమే కంటికి సుఖం. ఆట భూమి బొమ్మల్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి వైఫై మానేసి కేబుల్ పెట్టాను. తెచ్చుకున్న బొమ్మల్ని దాచిపెట్టే రోలింగ్ క్యాష్‌ని ఎస్ఎస్‌డీలోకి మార్చాను. రోజూ ఎగిరే దారి కాబట్టి అది బాగా పనికొస్తోంది.

ఇప్పుడు బ్యారేజీ మీద గేట్ల పక్కనే తిరిగినా బొమ్మ ఆగడం లేదు. శంషాబాద్‌లో ఎయిర్‌బస్‌తో దిగేటప్పుడు మాత్రం ఇంకా 25కి పడుతోంది, పెట్టెలో మెయిన్‌థ్రెడ్ అనే చూపిస్తోంది. అక్కడికి వెళ్లే రోజున టెరైన్ స్లైడర్ 70కి దించి, కృత్రిమ విమానాలు పూర్తిగా తీసేసి బయలుదేరుతున్నాను.