హుద్‌హుద్ తర్వాత తొమ్మిదేళ్లకు కట్టిన దారాలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా ఆయన ఊళ్లో లేరు. పై వాటాలో నేనూ, నాలుగేళ్ల బాబూ. కిటికీ అద్దాలు పగిలిపోయాక వాణ్ని బాత్రూంలో కూర్చోబెట్టి, గది తలుపుకి వీపు ఆనించి గంటల తరబడి నిలబడ్డాను. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని గడియ తీశాను. తుపాను కన్ను మా మీదుగా వెళ్తోందని నాకేం తెలుసు? కాసేపటికి గాలి రెండో వైపు నుంచి కొట్టింది.

మాకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అందుకే ఆ తర్వాత ఏళ్ల తరబడి, గాలికి ఎక్కడ తలుపు కొట్టుకున్నా నా చేతులు చల్లబడిపోతుంటే ఎవరికైనా చెప్పుకోవడానికి సిగ్గేసేది. చెప్పినా "ఇంకా అదేనా, ఊరందరికీ వచ్చిందేగా" అనేవాళ్లు. 2023లో ఒక రాత్రి నిద్ర పట్టక, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ఆ మాటలతో వచ్చిన ధైర్యంతో ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"అప్పుడు మీకు తోడుగా ఎవరున్నారమ్మా?" అని ఆవిడ మొదటి రోజే అడిగారు. ఎవరూ లేరన్నాను. అది ఊరికే అడిగిన మాట కాదని తర్వాత తెలిసింది. 2000లో బ్రూయిన్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 77 పరిశోధనలను కలిపి చూస్తే, పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం దాటిపోయినా దాని భయం మనసును వదలని జబ్బు) ముప్పు పెంచేవాటిలో మనుషుల తోడు లేకపోవడం ముందు వరుసలోనే తేలిందట.

కొన్ని నెలలయ్యాక మేడమే నన్ను ఒక వర్క్‌షాప్‌కి పంపారు. ఫైన్ ఆర్ట్స్ చదివే ఒకమ్మాయి హాలు మధ్యలో పాత ద్వారబంధం ఒకటి నిలబెట్టి, దాని చుట్టూ మేకులు కొట్టింది. కష్టంలో మనకు ఆసరా ఇచ్చిన మనిషి పేరు చీటీ మీద రాసి, దారం ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస హాల్లో ఉన్న ఎవరికో ఒకరికి ఇవ్వాలి. దారానికి మువ్వలుంటాయి. తలుపు చూడగానే నాకు వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. పైన ఫ్యాన్ గాలికి చీటీలు టపటపా కొట్టుకుంటుంటే లేచి నిలబడిపోయాను కూడా. ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా వెళ్లి ఫ్యాన్ కట్టేసింది. అంతకంటే మంచి మాట ఆ రోజు నాతో ఎవరూ అనలేదు.

చాలాసేపు ఖాళీ చీటీ పట్టుకుని కూర్చున్నాక, కింది వాటా మామ్మగారు గుర్తొచ్చారు. కరెంటు లేని ఆ రోజుల్లో, పాల ప్యాకెట్ కోసం జనం బారులు తీరిన ఆ వారంలో, ఆవిడ బాబుకి గ్లాసుడు పాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. ఇన్నేళ్లూ నాకు తలుపే గుర్తుంది, ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు. ఆవిడ పేరు రాసి, దారం కొస ముక్కూమొహం తెలియని ఒకాయన చేతికిచ్చి, ద్వారబంధం పక్కకొచ్చి మెల్లగా లాగాను. అటు మువ్వలు మోగాయి. ఒక్క క్షణం ఆగి ఆయన రెండుసార్లు తిరిగి లాగారు. నా వేళ్లకి ఆ లాగుడు తగిలింది. అక్కడే ఏడ్చేశాను.

ఆ రోజు ఆరు దారాలు కట్టాను. అదే ఊళ్లో ఉండి నెల దాకా తొంగి చూడని ఒక దగ్గరి బంధువు పేరు మీద ఏడోది కట్టి, కొస ఎవరికీ ఇవ్వకుండా నేల మీద వదిలేశాను. దాన్ని తీసెయ్యమని కూడా అక్కడెవరూ అనలేదు.

దీంతో భయం పోయిందని చెప్పను, కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది. కానీ మేడమ్ మళ్లీ అదే ప్రశ్న అడిగితే ఈసారి పేర్లు చెప్పగలిగాను. మామ్మగారు ఇప్పుడు విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేస్తే సరిగా వినపడక "ఎవరూ?" అని మూడుసార్లు అడిగి, బాబు పేరు చెప్పగానే "వాడు పాలు తాగుతున్నాడా?" అన్నారు.