ఒంగాకు లోపలి వైండింగ్

ఒంగాకు అంటే జపాను భాషలో సంగీతం. 1976లో ఆడియో నోట్ అనే చిన్న సంస్థను స్థాపించిన హిరోయాసు కొండో, 1980ల చివర్లో తాను రూపొందించిన ఆంప్లిఫైయరుకు ఆ పేరే పెట్టారు. పాటలు వినే పెట్టెకు ఇంత ధరా అని లోకం ముక్కున వేలు వేసుకుంది. దాన్ని వినే భాగ్యం నాకు ఇంతవరకు కలగలేదు కనుక దాని నాదం గురించి మాట్లాడను. నన్ను పట్టుకున్నది వాల్వు నుంచి వచ్చే సంకేతాన్ని స్పీకరుకు అందించే దాని లోపలి ట్రాన్స్‌ఫార్మరు.

మా ఊళ్ళో వేసవి వచ్చిందంటే బోరు మోటార్లు వరసగా కాలిపోయేవి. నాన్న వెంట వైండింగ్ షాపుకు వెళ్ళినప్పుడల్లా, మేస్త్రీ రాగి తీగను బిగువు సడలకుండా వేళ్ళ మధ్య పట్టుకుని, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టడం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ సమయంలో ఎవరు పలకరించినా ఆయన బదులిచ్చేవాడు కాదు. కొండో పని కూడా మూలంలో అదే, కాకపోతే ఆయన వాడింది వెండి తీగ. విద్యుత్ ప్రసారంలో వెండి రాగి కన్నా సుమారు 6 శాతమే మెరుగు. రాగి తీగనే కాస్త లావుగా తీసుకుంటే ఆ తేడా పూడిపోతుంది కదా అన్న సందేహం నాకూ ఉంది. వెండి మహిమను నేను అంతగా నమ్మను.

అసలు కష్టం వేరే చోట ఉంది. ఒంగాకులో ఒక్కో చానెలుకు 211 అనే ఒక్క ట్రయోడ్ వాల్వే, అంటే పాత రేడియోల్లో ఉండే తరహా గాజు వాల్వే, పని చేస్తుంది. రేడియో ప్రసార యంత్రాల కోసం అమెరికాలో పుట్టిన ఆ వాల్వుకు వెయ్యి వోల్టుల స్థాయి కావాలి, అంతా చేసి స్పీకరుకు చేరేది సుమారు 27 వాట్లు. జంట వాల్వులుంటే రెండు వైపుల ఏకముఖ విద్యుత్తు (డీసీ) ప్రభావం కోరులో, అంటే తీగ చుట్ల నడుమ ఉండే ఇనుప రేకుల దిమ్మెలో, పరస్పరం రద్దవుతుంది. ఒంటి వాల్వుకు ఆ వెసులుబాటు లేదు. ఇనుము ఒకే దిశలో అయస్కాంతమై నిండిపోతుంది. అందుకని కోరులో పలుచని సందు వదలాలి. సందు వదిలితే మంద్ర స్వరాలను నిలబెట్టే ఇండక్టెన్సు తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి చుట్లు పెంచాలి, పెంచితే తీగ పొరల మధ్య విద్యుదావేశం నిలిచే గుణం, అంటే కెపాసిటెన్సు, పెరిగి తాళాల తళుకు మొద్దుబారుతుంది. 2006లో కొండో మరణించాక కూడా ఆయన శిష్యులు ఈ పేచీతోనే కుస్తీ పడుతున్నారు.

నాలుగేళ్ళ క్రితం నేనూ ఒక చిన్న ఒంటి వాల్వు ఆంప్లిఫైయరుకు ట్రాన్స్‌ఫార్మరు చుట్టాను. ఇన్వర్టరుకు పేర్చినట్టే రేకులను ఎదురెదురుగా దూర్చి బిగించాను. గాత్రం చక్కగా వచ్చింది, మృదంగం కుడి మూత ఖణీమని పలికింది, ఎడమ మూత మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. రెండు రోజులు వాల్వును తిట్టుకున్నాక, రేకులన్నీ ఊడదీసి, ఇంగ్లీషు E ఆకారపు ‘ఈ’ రేకులను ఒక వైపు, I ఆకారపు ‘ఐ’ రేకులను మరో వైపు చేర్చి, నడుమ సందు కోసం పాత శుభలేఖ నుంచి కత్తిరించిన కాగితం ముక్క పెట్టాను. ఆ రాత్రే తొప్పి వైపు, అంటే ఎడమ మూత మీద, గుమ్కీ అనే జారుడు మంద్రనాదం తొలిసారి వినబడింది.