నలభై నిమిషాల ప్రసంగం, ఎనిమిది నెలల తిప్పలు

నిన్న సాయంత్రంతో అయిపోయింది. డాలస్ పక్కన మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో నా పుస్తకంలోంచి కొన్ని పేజీలు చదివి, దాని గురించి మాట్లాడి, అడిగినవాటికి జవాబులు చెప్పి, ఒకదానికి చెప్పలేక, ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. దారిపొడుగునా మా ఆయన నోరు విప్పలేదు. ఆయన అలా ఉన్నారంటే లోపల ఏదో ఉన్నట్టే. ఒంటిగంట దాటినా నిద్ర పట్టక లేచి కూర్చుని ఇది రాస్తున్నా. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, నలుగురి ముందు చదవాలని సరదాపడే మనవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళకేమన్నా పనికొస్తే సంతోషం.

ముందు పుస్తకం సంగతి. అమెరికాలో మన దేశస్థులకి పౌరసత్వం ఎలా వచ్చింది, ఎలా పోయింది, మళ్ళీ ఎలా వచ్చింది అన్నదే కథ. 1790 నాటి చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతివాళ్ళని చేర్చారు. మరి మనం ఏ గూటి పక్షులం? ఆ పేచీ భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పేరు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఉరికంబం ఎక్కిన భగత్ సింగ్ కాదండీ, ప్రతిచోటా ఈ ముక్క చెప్పాల్సొస్తోంది. ఈయన 1918లో అమెరికా సైన్యంలో చేరి తలపాగాతోనే పనిచేసినవాడు. 1923 ఫిబ్రవరిలో కోర్టు, శాస్త్రం ఏమన్నా సరే, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్ళవి కూడా వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణోదాస్ బగాయ్ ఆ దెబ్బకి 1928లో గ్యాస్ వదులుకుని చచ్చిపోయాడు. 1920లలో బోస్టన్ చేరిన మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారంతటివాడికి కూడా 1946 దాకా పౌరసత్వానికి దారే లేదు. 1946లో తలుపు తెరిచారు గానీ, మన దేశం మొత్తం నుంచి ఏడాదికి వందమందే రావచ్చు. మనందరం సూట్‌కేసులతో దిగింది 1965 వలస చట్టం పుణ్యాన. అదేమో నల్లవాళ్ళ హక్కుల పోరాటం వేడిలో వచ్చిన చట్టం. ఈ చివరి మాట దగ్గర నాకు ఎక్కడైనా చప్పట్లు పడతాయి. నిన్నా పడ్డాయి.

తెలుగులో రాసి విజయవాడలో మూడొందల కాపీలు వేయించాను. తర్వాత నేనే ఇంగ్లీషులోకి మార్చుకుని ఇక్కడ ఇంకో రెండొందలు.

లైబ్రరీ గది దొరకడం తేలిక. ఒక ఫారం, మూడు వారాలు, ఒక మెయిలు. టికెట్ పెట్టకూడదు, పుస్తకాలు అమ్ముకోవాలంటే ముందు అడగాలి, అంతే.

పుస్తకాల షాపువాళ్ళు నలభై శాతం మాకివ్వు, కుర్చీలు నువ్వే వేసుకో, మిగిలిన కాపీలు నువ్వే మోసుకుపో అన్నారు. దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇక మన తెలుగు సంఘం. ఉగాదికి ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. ప్రసంగం ముందే పంపమంటే పంపాను. నా మొదటి తప్పు అదే. ఎవరడిగినా పంపకండి, ఇంకా రాస్తున్నానని చెప్పండి. రెండు రోజులకి కార్యదర్శి ఫోను. "అక్కా, అద్భుతంగా ఉందక్కా. ఆ కులం పేరా ఒక్కటీ తీసేద్దామా? పండగ పూట ఎందుకు చెప్పు. స్పాన్సర్లు కూడా వస్తున్నారు." 2023లో సియాటిల్ నగరం వివక్ష చట్టంలో కులాన్ని చేర్చిన దగ్గర్నుంచి మనవాళ్ళకి ఆ మాట వింటేనే ఉలికిపాటు. "సరేలే తమ్ముడూ" అన్నాను. ఫైలు తెరిచి ఆ పేరా కొట్టేశాను. ఆరు లైన్లు, ఎంతసేపు పడుతుంది.

పండగనాడు ఇరవై నిమిషాలు పదయ్యాయి, పది నాలుగయ్యాయి. నాకు ముందు పిల్లల డాన్సులు పదకొండు. నేను థిండ్ సైన్యంలో చేరే దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి ఇంకో మైకులో "భోజనాలు మొదలయ్యాయండీ, పులిహోర లైను ఎడమవైపు" అని వినపడింది. హాలంతా లేచింది. ముందు వరసలో ఒక మామ్మగారు మాత్రం కదల్లేదు. మోకాళ్ళ నొప్పులట. ఆవిడ కోసం రెండు పేజీలు చదివి దిగాను. భోజనాలకి ముందు ఎవరు టైమిచ్చినా ఒప్పుకోకండి. బంగారు పూత శాలువా కప్పుతామన్నా సరే.

నేను ఆ ఫైలునే నిన్న లైబ్రరీకి పట్టుకెళ్ళాను. పేరా మళ్ళీ పెట్టడం మర్చిపోయానని నిన్న ఇద్దరికి చెప్పాను. మర్చిపోలేదు. మొన్న రాత్రి కూడా ఆ చోట కర్సర్ పెట్టుకుని కాసేపు కూర్చున్నా. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఉండే సభలో మన బట్టలు మనమే ఉతుక్కోవడం ఎందుకనిపించింది.

వచ్చింది ముప్ఫై మంది పైచిలుకు. మనవాళ్ళు ఎనిమిది మంది, మిగతా అంతా ఊళ్ళోవాళ్ళు, ఎక్కువగా రిటైరైనవాళ్ళు. బాగా చదివాను, ఆ మాట నేనే చెప్పుకుంటా. బగాయ్ దగ్గర ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రశ్నలు మొదలయ్యాక మూడో వరసలోంచి ఒక నల్లజాతి పెద్దావిడ చెయ్యెత్తింది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పిందట.

"తను తెల్లవాడినని ఆయన వాదించాడన్నావు కదమ్మా. ఏమని వాదించాడు?"

ఆర్యులు, కాకేషియన్లు, ఆనాటి జాతిశాస్త్రం... అన్నీ గడగడా చెప్పాను.

"ఇంకేమన్నా?"

"అంతేనండీ."

ఆవిడ సంచీలోంచి మడత పెట్టిన కాయితం ఒకటి తీసింది. నా సభ ఉందని తెలిసి ఆ కేసు ముందే చదువుకుని వచ్చింది. థిండ్ తరఫున కోర్టుకిచ్చిన వాదనలోంచి ఒక్క వాక్యం, తొందరేం లేకుండా చదివింది. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికావాడు నీగ్రోని ఎలా చూస్తాడో, పైకులం హిందువు తన దేశపు ఆదిమజాతివాణ్ణి అలాగే చూస్తాడు అని. హిందువంటే ఆ రోజుల్లో ఇక్కడ మతంతో పని లేకుండా భారతీయులందరికీ అదే పేరు. అంటే మేమూ మీలాగే కిందివాళ్ళని దూరం పెడతాం, కాబట్టి మమ్మల్నీ మీలో కలుపుకోండి అని. నేను కొట్టేసిన పేరా సరిగ్గా అదే. కులం కట్టుబాట్లు ఎంత బిగించినా రక్తం కలవకుండా పూర్తిగా ఆపలేకపోయాయని జడ్జి సదర్లాండ్ తిప్పికొట్టిన ముక్క కూడా అందులోనే ఉంది.

"ఇది నీ పుస్తకంలో ఉందా?"

"ఉందండీ. 61వ పేజీ."

"మరి మాకెందుకు చదవలేదు?"

"టైము చాలక" అన్నాను. నా తల వెనకాల గోడ గడియారం ఉంది. ఆవిడ దానికేసి చూసింది. ముప్ఫైమందీ చూశారు. గది ఖాళీ చెయ్యడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

అంతటితో ఆగినా బాగుండేది. మనవాళ్ళలో ఒక పెద్దాయన నన్ను ఆదుకుందామని లేచారు. కులం బ్రిటిష్‌వాళ్ళు అంటగట్టిందనీ, ఇప్పుడు మా దగ్గర అసలు లేనేలేదనీ మొదలుపెట్టారు. "నేను మిమ్మల్ని అడగలేదు సార్" అందావిడ, చాలా మర్యాదగా. ఆయన కూర్చున్నారు. ఇలాంటి సాయం చేసేవాళ్ళు ప్రతి సభకీ ఒకరొస్తారు. వాళ్ళకి మైకు అందనివ్వకండి. వీలైతే మైకు మీదే తెచ్చుకోండి.

అప్పుడు వెనకనుంచి ఒక కుర్రాడు లేచాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. అప్పటిదాకా మనవాడని కూడా నేను గమనించలేదు. "మాది గుంటూరు జిల్లా" అన్నాడు ఇంగ్లీషులో. "పనికెళ్ళిన ఇళ్ళల్లో మా నాయనమ్మకి దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు, పైనుంచి. ఆ పెద్దాయన లేదంటున్నారు కాబట్టి చెప్తున్నా." చెప్పి కూర్చున్నాడు. ఎవరి మీదా కోపం చూపించలేదు. ఆ గదిలో సూది పడితే వినపడేది.

మాది తెనాలి. మా పెరట్లో బావిగట్టు పక్కన గోడ మీద ఒక సత్తుగ్లాసు బోర్లించి ఉండేది. అది ఎవరిదో, ఎందుకు లోపలికి రాదో నేను చిన్నప్పుడు అడగనే లేదు. అడగక్కర్లేకుండానే తెలిసిపోయే సంగతులు కొన్నుంటాయి. జాతివివక్ష మీద నలభై నిమిషాలు మాట్లాడిన మనిషిని, ఆ కుర్రాడికేసి తలెత్తి చూడలేకపోయాను. అమెరికావాడు మనల్ని ఏ గూట్లో పెట్టాడో అని వందేళ్ళ నాటి కాయితాలు తవ్వాను. పెరటి గోడ దాకా పోలేదు.

పుస్తకాలు తొమ్మిది అమ్ముడయ్యాయి. కుర్రాడు ఆగలేదు, వెళ్ళిపోయాడు. పెద్దావిడ కొనలేదు, లైబ్రరీకిచ్చిన కాపీ కోసం పేరు రాయించుకుంది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, ఫిబ్రవరిలో మా చర్చికి వచ్చి మాట్లాడతావా అంది. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి రాసిన ఉత్తరం చూశావా అని కూడా అడిగింది. చూశాను. అదీ నా ప్రసంగంలో లేదు. ఈసారి 61వ పేజీతోనే మొదలుపెట్టాలట, అదొక్కటే షరతు. వస్తానన్నాను.

ఇంటికొచ్చాక మిగిలిన పుస్తకాల పెట్టెలు గరాజులో దించుతూ అప్పుడు నోరు విప్పారు మా ఆయన.

"మీ గోడమీద గ్లాసు సంగతి ఎన్నో పేజీలో ఉంది?"

లేదు. ఏ పేజీలోనూ లేదు. తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు.

ఇందాకే విజయవాడ ప్రెస్సాయనకి మెసేజి పెట్టాను, రెండో ముద్రణకి ఇంకో అధ్యాయం పంపుతానని. అక్కడ మధ్యాహ్నం కదా, వెంటనే జవాబొచ్చింది. "పంపండి మేడం. పేజీలు పెరిగితే రేటు పెరుగుద్ది."