నాన్న చెప్పిన దారి: మౌల్మేన్ నుంచి మోరే దాకా నా అనుభవం

ఒకే ఇంట్లో ఉన్న ఐదుగురిలో నలుగురిని దేశం విడిచి పొమ్మని, ఒక్కడిని మాత్రం కదలడానికి వీల్లేదని చెప్పిన ప్రభుత్వం కింద నేను రెండేళ్ళు బతికాను. ఆ ఒక్కడిని నేనే. నా నేరమల్లా పద్దెనిమిదేళ్ళు నిండగానే బర్మా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవడం. రైల్వేలో గుమాస్తా ఉద్యోగానికి అది కావాలి. పైగా నేను పుట్టింది మౌల్మేన్‌లో, కాబట్టి ఆ దేశం నాదేనని మనసారా నమ్మాను.

మా తాతది శ్రీకాకుళం వైపు. మా ఊళ్ళలో బర్మాను ‘రంగం’ అనేవారు. బర్మావాళ్ళేమో కోరంగి రేవు పేరు మీద మమ్మల్ని ‘కోరంగీలు’ అనేవారు. 1942 జనవరి చివర జపాను సేనలు మౌల్మేన్‌ను పట్టుకోబోతుండగా, నాన్న రెండేళ్ళ నన్ను భుజాన వేసుకొని, అమ్మనూ నాలుగేళ్ళ మా అక్కనూ వెంటబెట్టుకొని ఉత్తరానికి బయలుదేరాడు. మాండలే, కలేవా, కబా లోయ, సరిహద్దు ఊరు తము, ఆ తరువాత ఇంఫాల్, దిమాపూర్. కబా లోయలో అక్కకు కలరా తగిలింది. బండి బాట పక్కనే పూడ్చి ముందుకు నడిచారు. 1946లో మళ్ళీ మౌల్మేన్ చేరి కిరాణా దుకాణం పెట్టుకున్నాక, చెల్లెలూ తమ్ముడూ పుట్టారు. అమ్మ ఆ ప్రయాణం గురించి ఇంట్లో ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. దారి గురించి చెప్పింది నాన్న ఒక్కడే.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. ఆ జూలైలో రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద కాల్పులు జరిపి, మర్నాడు వాళ్ళ సంఘ భవనాన్ని మందుపాతరలతో కూల్చేశారు. మరుసటి ఏడాది బ్యాంకులు సర్కారువయ్యాయి. 1964 మార్చిలో ఒక్క అధికార పార్టీని తప్ప మిగతా పార్టీలన్నింటినీ నిషేధించారు. అప్పటికీ మా వీధిలో చాలామంది ఇవన్నీ పెద్దవాళ్ళ గొడవలనే అనుకున్నారు. ఏప్రిల్ 9న ఆ గొడవ మా గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరు సైనికులూ ఒక లెక్కల మనిషీ వచ్చి, సరుకంతా రాసుకొని, తాళం తమదే వేసుకొని, దుకాణానికి ‘ప్రజల దుకాణం’ అని బోర్డు తగిలించారు. మే 17న 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. నాన్న దాచుకున్నవన్నీ ఆ నోట్లే.

నాన్న వాళ్ళు విదేశీయుల నమోదు పుస్తకం మీద ఉన్నవాళ్ళు. వాళ్ళకు వ్యాపారం లేదు, కూలి పని కూడా దొరకదు, పోలీసు అనుమతి లేకుండా పొరుగూరు వెళ్ళే వీలు కూడా లేదు. అందరిలాగే వాళ్ళకూ ఓడ ఒక్కటే దారి. పన్ను బాకీ లేదని కాగితం తెచ్చుకోవాలి, భారత రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టుకు బదులుగా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఓడలో చోటు వచ్చేదాకా రంగూన్‌లో ఏ గుడి వసారాలోనో వారాల తరబడి పడి ఉండాలి. ఆ ఏళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు అలా బర్మా విడిచి వెళ్ళారు. నవంబరులో సాల్వీన్ నది దాటించి, మార్తబాన్‌లో రైలెక్కించి, రంగూన్ రేవు దాకా నేనే వెళ్ళి సాగనంపాను. తనిఖీ బల్ల దగ్గర అమ్మ మెళ్ళో పుస్తెలు తీయించారు. ఆమె పసుపుతాడు మాత్రం గుప్పిట్లో పట్టుకొని ఓడ మెట్లు ఎక్కడం ఇనుప కంచె ఇవతల నుంచి చూశాను. పౌరుడిని గనుక నాకు ఆ మెట్లు లేవు. పాస్‌పోర్టుకు మూడుసార్లు దరఖాస్తు పెట్టినా జవాబే రాలేదు.

విడిపోయే ముందు రాత్రి నాన్న నేల మీద పుల్లతో గీసి, ఊళ్ళ పేర్లు నా చేత వల్లె వేయించి, చేత్తో చెరిపేశాడు. కాగితం మీద రాసుకోవద్దన్నాడు. ఆ మాట నేను సగమే విన్నాను.

1965 జనవరిలో మొదటిసారి బయలుదేరాను. మాండలే నుంచి మొనీవాకు రైలు, అక్కడి నుంచి చింద్విన్ నదిలో కలేవా దాకా పడవ. చేతిలో జాతీయ నమోదు కార్డు ఉంది కాబట్టి అంతవరకూ ఎవరూ ఆపలేదు. టేకు కొనుగోలు పని మీద వచ్చానని చెప్పాను. తము బాట మీద రెండో తనిఖీ గేటు దగ్గర సంచి కుమ్మరించారు. అడుగున చెల్లెలు విశాఖపట్నం నుంచి రాసిన తెలుగు ఉత్తరం, ఇంటిల్లిపాది ఫోటో. వాటిని వదిలి రాలేకపోయాను. కలప కొనేవాడికి విశాఖపట్నం ఉత్తరం ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలలు జైల్లో రాళ్ళు కొట్టాను. కార్డు లాక్కున్నారు, ఉద్యోగం పోయింది. లోపల నన్ను బాధపెట్టింది రాళ్ళ పని కంటే అమ్మకు నా సంగతి తెలియకపోవడమే.

బయటికి వచ్చాక నన్ను ఆదుకున్నది మా పాత పొరుగింటి బర్మా ఆవిడ. నాన్న ఆమెకు ఎన్నో ఏళ్ళు బియ్యం అప్పు ఇచ్చేవాడు. ఆమె తమ్ముడికి చింద్విన్ పడవల్లో పని; తనతో పాటు నన్ను కూలీగా తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. దొరికితే అతనికీ జైలే. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మమ్మల్ని తరిమింది ప్రభుత్వం. దాచిందీ అన్నం పెట్టిందీ బర్మా మనుషులే.

1966 ఫిబ్రవరిలో, నీళ్ళు తగ్గిన నదిలో పడవ ఇసుక మేటలకు తగులుకుంటూ సాగింది. దిగి తోయడమే నా పని. ఈసారి ఒంటి మీది లుంగీ, ఒక దుప్పటి తప్ప ఏమీ లేవు. ఉత్తరాలన్నీ మౌల్మేన్‌లోనే కాల్చేశాను. కలేవా నుంచి తము 90 మైళ్ళకు పైగా. ఉప్పు, ఎండుచేపలు తీసుకెళ్ళే ఎద్దుబండ్లతో కలిసి, గేట్లు వచ్చినప్పుడల్లా రాత్రివేళ అడవిలోంచి చుట్టూ తిరిగి మళ్ళీ బండ్లను కలుసుకొంటూ నడిచాను. నాలుగో రోజుకు చలిజ్వరం పట్టుకుంది. ఆ జ్వరంలో, ఇక్కడే ఎక్కడో అక్క ఉందన్న ఊహ నన్ను వదల్లేదు. బాట పక్కన ప్రతి చెట్టు మొదలూ చూశాను. ఇరవై నాలుగేళ్ళ తరువాత ఆనవాలేముంటుంది?

తము నుంచి సరిహద్దు దగ్గరే. అప్పట్లో కొండజాతుల వాళ్ళు కాగితాల్లేకుండా అటూ ఇటూ సంతకు తిరుగుతుండేవారు. తెల్లవారుజామున ఒక గుంపు వెనక వెదుళ్ళ మోపు ఎత్తుకొని నడిచాను. ఎవరూ పిలవలేదు. సరిహద్దుకు ఇవతల, మణిపూర్‌లోని మోరేలో మోపు దించాక గాని నా కాళ్ళు వణుకుతున్న సంగతి తెలియలేదు.

అక్కడ నేను ఊహించనిది చూశాను. మోరేలో గుడిసెలు వేసుకొని ఉన్న తమిళులు చాలామంది నాలాగే బర్మాలో పుట్టిన కాందిశీకులు. ఓడల్లో మద్రాసు చేరి, అక్కడ బతకలేక, తిరిగి బర్మాకే పోదామని కాలినడకన వచ్చి, తము దగ్గర సైనికులు ఆపేస్తే మిగిలిపోయినవాళ్ళు. వాళ్ళలో ఒక ముసలాయన నేను అటు నుంచి వచ్చానని విని, మాండలేలో తన వీధి ఎలా ఉందని బర్మా భాషలో అడిగాడు. నేను ఆ వీధి చూడలేదు. బాగానే ఉందని చెప్పాను.

నేను ఎవరినో రుజువయ్యేందుకు ఆరు వారాలు పట్టింది. విశాఖపట్నం నుంచి నాన్న కాందిశీకుల కార్డు నకలు వచ్చాక గాని కదలనివ్వలేదు. వాల్తేరు స్టేషన్లో దిగి, కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అడుగుతూ వెళ్ళాను. నాన్న ఒక్కొక్క ఊరి పేరూ అడిగి, నేను చెబుతుంటే తలాడించాడు. అమ్మ అన్నం వడ్డించి, నేను తినడం అయ్యేదాకా ఆగి, ఒక్కటే అడిగింది.

“కబా లోయ మీదుగానే వచ్చావా నాయనా?”

అవునన్నాను. ఆమె నా కంచం తీసుకొని లోపలికి వెళ్ళింది.